రెక్క చాపి పిలిచే తల్లి

మా సంఘంలో ఏటా కోతల పండుగనాడు ఆరాధన ముగిశాక మందిరం ముందు వేలం పాట జరుగుతుంది. విశ్వాసులు కానుకగా తెచ్చిన బియ్యం బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు, గుడ్లు అన్నీ పాటలో పెడతారు. వచ్చిన డబ్బు సంఘం ఖర్చులకు చేరుతుంది. క్రితం పండుగకు ఒక వృద్ధురాలు, విధవరాలు, ఒక నాటు పెట్టను కాళ్లు కట్టి తెచ్చింది. పాట మూడు వందల దగ్గర ఆగిపోతే మేమే మరో యాభై కలిపి పాడుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం కదా, అప్పుడు మా మనసులో ఉన్నది కోడికూరే. ఈ మాట దాచుకోవలసిన పని లేదు.

కోడిని పట్టుకుని ఇంటికి వస్తుంటే ఆమె వెనకనే వచ్చింది. "అయ్యగారూ, దీన్ని కొయ్యకండి. పొదుగుకొచ్చిన పెట్ట. నేను మా అమ్మాయి ఊరు పోతన్నాను, చూసేవాళ్లు లేక తెచ్చాను. కాసిని గుడ్లేసి కూర్చోబెట్టి చూడండి, మీకే తెలుస్తుంది" అంది. "ఏం తెలుస్తుంది మామ్మా?" అని అడిగాం. "మీరు చెప్పే వాక్యమే తెలుస్తుంది" అని నవ్వి వెళ్లిపోయింది.

ఆమె చెప్పిన వాక్యం ఏమిటో మాకు తెలుసు. యెరూషలేమును చూచి ప్రభువు దుఃఖపడిన సందర్భం అది. మత్తయి 23వ అధ్యాయంలోనూ, లూకా 13వ అధ్యాయంలోనూ ఉంది. పిల్లలను రెక్కల క్రింద చేర్చుకొనే కోడితో ఆయన తనను పోల్చుకున్నాడు. ఆ భాగం మీద పాతికేళ్లకు పైగా ప్రసంగాలు చేశాం. గ్రీకు మూలంలోని పదానికి పక్షి అనీ, కోడిపెట్ట అనీ అర్థాలున్నాయని సెమినరీలో నేర్చుకున్నాం. పదం నేర్చుకున్నాం గానీ, పక్షిని ఒక్క పూటైనా కుదురుగా కూర్చుని చూడలేదు.

మేము చేసిన పొరపాటు

మొదట మేము చేసిన పని చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. పెట్ట మా పెరట్లో కట్టెల పక్కన ఒక మూల చేరి, ఒళ్లంతా ఉబ్బించుకుని కూర్చుంది. దగ్గరకు వెళితే బుసకొట్టినట్టు అరిచేది. "నాలుగుసార్లు నీళ్లలో ముంచండి, పొదుగు పోతుంది, మళ్లీ గుడ్లు పెడుతుంది" అని పక్కింటివారు చెప్పారు. పల్లెల్లో ఇది పాత అలవాటే. ముక్కులో ఈక గుచ్చేవారూ ఉన్నారు. మేము రెండు రోజులు బకెట్టు నీళ్లలో ముంచాం. రెండు రోజులూ అది తడిసిన ఒంటితో వణుకుతూ అదే మూలకు పోయి, ఒక్క గుడ్డయినా లేని మట్టినేల మీద కూర్చుంది. మూడో రోజు బకెట్టు పక్కన పెట్టేశాం.

పుంజులు తిరిగే ఇళ్ల నుంచి పదకొండు గుడ్లు సేకరించాం. బేసి సంఖ్యలో పెట్టాలని పక్కింటివారు చెబితే సరేనన్నాం. కొట్లో అమ్మే ఫారం గుడ్లు ఇందుకు పనికిరావు. పుంజు తోడు లేని పెట్టలు పెట్టిన గుడ్లు అవి, వాటిలో ప్రాణం పోసుకునే బీజం ఉండదు. పాత గంపలో ఎండుగడ్డి పరచి గుడ్లు పెట్టాం. పెట్ట వచ్చి ఒక్కొక్క గుడ్డునూ ముక్కుతో తన క్రిందికి లాక్కుని సర్దుకుంది. అవి తాను పెట్టినవి కావు. అయినా ఒక్కటీ బయటకు నెట్టలేదు.

గుడ్డు వెనుక ఇంత పని ఉందా?

అప్పటినుంచి కోడి గురించి చదవడం మొదలుపెట్టాం. చదివిన కొద్దీ ఆశ్చర్యం కలిగింది. పెట్టకు పుట్టుకలో రెండు అండాశయాలకూ ఏర్పాటు ఉన్నా, సాధారణంగా ఎదిగి పనిచేసేది ఎడమవైపుది ఒక్కటే. అక్కడ పండిన పచ్చసొన నాళంలోకి జారి, తెల్లసొన చుట్టుకుని, పలుచని పొరలు తొడుక్కుని, చివరకు పెంకు కట్టుకుని బయటకు రావడానికి దాదాపు 24 నుంచి 26 గంటలు పడుతుంది. ఇందులో పెంకు తయారీకే సుమారు 20 గంటలు. పెంకులో అధిక భాగం సున్నపు పదార్థం, అంటే కాల్షియం కార్బొనేట్. తిండిలో అది చాలకపోతే పెట్ట తన ఎముకల్లో దాచుకున్న సున్నాన్ని కరిగించి గుడ్డుకు ఇస్తుంది. మనం ఒక్క దెబ్బతో పగలగొట్టే పెంకులో తల్లి ఎముక కొంత ఉంటుందన్నమాట.

గట్టిగా కనిపించే ఆ పెంకుకు కంటికి కనిపించని వేల రంధ్రాలు ఉంటాయి. లోపలి పిల్ల వాటి గుండానే గాలి పీల్చుకుంటుంది. మొద్దువైపు చిన్న గాలి గది ఉంటుంది. దాని అవసరం చివర్లో వస్తుంది.

నాటు పెట్ట రోజుకొకటి చొప్పున, మధ్యలో ఒకటి రెండు రోజులు మానేస్తూ పది పదిహేను గుడ్లు పెట్టాకగానీ పొదుగుకు కూర్చోదు. మరి మొదట పెట్టిన గుడ్డు ఏమవుతుంది? తల్లి వెచ్చదనం తగిలేవరకు దానిలోని ప్రాణం నిద్రపోయినట్టు ఆగి ఉంటుంది. తల్లి కూర్చున్నాకే అన్నీ కలిసి ఎదగడం మొదలుపెడతాయి. అందుకే పది రోజుల నాటి గుడ్డూ, నిన్నటి గుడ్డూ దాదాపు ఒకే రోజు పిల్లలవుతాయి. ముందు వచ్చినవి కడపట వచ్చినదాని కోసం ఆగుతాయి.

ఇరవై ఒక్క రోజులు

పెట్టను అలా కూర్చోబెట్టేది ప్రొలాక్టిన్ అనే హార్మోను. తల్లులలో పాలు పడేలా చేసేదీ ఇదే. ఇది పెరిగితే గుడ్లు పెట్టడం ఆగిపోతుంది, తలమీది జుట్టు పాలిపోయి చిన్నదవుతుంది, పొట్ట క్రింది ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. ఆ చోట రక్తనాళాలు పెరిగి చర్మం వేడెక్కుతుంది. ఈక వేడిని లోపలే ఆపుతుంది గనుక ఈక అడ్డుంటే గుడ్డుకు వేడి అందదు. పెట్ట ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్, గుడ్డుకు కావలసింది సుమారు 37.5 డిగ్రీలు. గుడ్లను అంచునుంచి మధ్యకు, మధ్యనుంచి అంచుకు మారుస్తూ, రోజుకు ఎన్నోసార్లు పొర్లిస్తూ ఆ లెక్క సరిచూసుకుంటుంది. పొర్లించకపోతే లోపలి పిండం పొరకు అంటుకుని చనిపోతుంది. రాత్రి టార్చి వేసి చూసినప్పుడు కూడా రెక్కల క్రింద ఆ కదలిక కనిపించేది.

రోజులో ఒక్కసారి, పావుగంటో ఇరవై నిమిషాలో లేచేది. నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, కాసేపు దుమ్ములో పొర్లి పరుగున వచ్చి కూర్చునేది. జాలిపడి గంప పక్కనే నూకలు పెట్టాం. ముట్టలేదు. ఆకలిని తగ్గించేదీ ఆ శరీరపు ఏర్పాటేనట. అలా కూర్చున్న పెట్ట మూడు వారాల్లో బాగా చిక్కిపోతుంది.

ఏడో రోజు చీకట్లో టార్చి వెలుగుకు అడ్డంగా గుడ్లు పట్టుకుని చూశాం. తొమ్మిదింటిలో సాలెగూడులా ఎర్రని నరాలు, మధ్యలో కదిలే నల్లని చుక్క. రెండు ఖాళీగా ఉంటే తీసేశాం. పిండంలో గుండె రెండో రోజుకే కొట్టుకోవడం మొదలవుతుందని పుస్తకాల్లో చదివాం. చేతిలో వెచ్చగా ఉన్న ఆ గుడ్డును చూస్తుంటే నోట మాట రాలేదు.

పెంకు లోపలి మాటలు

పందొమ్మిదో రోజు రాత్రి గంప దగ్గర చెవి పెడితే సన్నగా "కియ్, కియ్" మని వినిపించింది. పెంకు ఇంకా పగలలేదు. ఇందాక చెప్పిన గాలి గది పని ఇక్కడే. పిల్ల ముందు లోపలి పొరను చీల్చి ఆ గదిలోకి ముక్కు పెట్టి, మొదటిసారి ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. గొంతు అప్పుడే వస్తుంది. దానికి జవాబుగా తల్లి మెల్లగా "క్లొక్, క్లొక్" మంది. అన్ని రోజులూ మౌనంగా కూర్చున్న పెట్ట ఆ రాత్రి మాట్లాడింది. మొహం చూడకముందే పిల్లకు తల్లి గొంతు తెలుస్తుంది.

ముక్కు కొనమీద ఉండే చిన్న గట్టి మొనతో పిల్ల పెంకును లోపలినుంచి పొడుస్తుంది. మొదటి పగులు వచ్చాక బయటపడడానికి సగం రోజు, ఒక్కోసారి రోజంతా పట్టవచ్చు. మేము తొందరపడి పెంకు ఒలవబోతే పక్కింటివారు వద్దన్నారు. అది మంచి సలహా. పిల్ల అప్పటికింకా మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటూ ఉంటుంది, నరాలలోని రక్తాన్ని ఒంట్లోకి తీసుకుంటూ ఉంటుంది. ముందే ఒలిస్తే రక్తం కారి చనిపోవచ్చు. పొట్టలోకి చేరిన ఆ సొనే రెండు మూడు రోజులకు తిండి. ముందు పుట్టిన పిల్లలు ఆకలికి తాళుకుంటాయి గనుక, చివరి పిల్ల వచ్చేదాకా తల్లి గూడు వదలనక్కరలేదు.

తొమ్మిదింటిలో ఒకటి పెంకులోనే చనిపోయింది. ఎనిమిది పిల్లలు బయటకు వచ్చాయి.

తల్లి ఎత్తుకోలేదు

కాకి, పిచ్చుక పిల్లలు ఈకలు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. తల్లి గూటికే తిండి తెచ్చి నోట్లో పెడుతుంది. కోడి సంగతి వేరు. దాని పూర్వీకులు ఆసియా అడవుల్లోని ఎర్ర అడవికోళ్లు. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన సుమారు 3,500 ఏళ్ల నాటి ఎముకలే ఇంతవరకు తెలిసిన పెంపుడు కోళ్లలో పాతవని 2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మన దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి రక్తమూ అందులో కొంత కలిసింది. పెంపుడు కోళ్ల పసుపు చర్మం దానినుంచే వచ్చిందని 2008లో తేల్చారు. అడవికోడి నేలమీదే గూడు కడుతుంది. నేలమీది గూట్లో పిల్లలు ఎక్కువ రోజులు ఉండడం ప్రమాదం. అందుకే కోడిపిల్ల మొదటి రోజే నడుస్తుంది, తానే గింజ ఏరుకుంటుంది.

కానీ ఒక లోటుంది. తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. ఒంటిమీది నూగు చలికి చాలదు. హేచరీల్లో మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వేడి ఇస్తారు. పెరట్లో ఆ వేడి ఇచ్చేది తల్లి రెక్క ఒక్కటే. పిల్ల కాసేపు మేస్తుంది, చలి వేయగానే రెక్క క్రిందికి దూరుతుంది, వెచ్చబడ్డాక మళ్లీ బయటకు వస్తుంది. రోజంతా ఇదే పని.

ఇక్కడే మేము ఇన్నేళ్లూ గమనించని సంగతి కంటబడింది. పిల్లి తన కూనను నోట కరుచుకుని తీసుకుపోతుంది. కోతి పొట్టకు కరిపించుకుంటుంది. కోడికి ఆ వీలు లేదు. పిల్ల తనకు తాను వీపు మీదికి ఎక్కితే ఎక్కవచ్చు గానీ, తల్లి దాన్ని ఎత్తి తెచ్చుకోలేదు. ముక్కుతో పట్టి లాక్కురాదు. దానికి చేతనైనవి రెండే: రెక్కలు చాపడం, పిలవడం. రావలసింది పిల్లే.

ఆ పిలుపులు కూడా ఒక్క రకం కావు. తిండి దొరికితే గింజను ముక్కున పట్టి వదులుతూ గబగబా పిలుస్తుంది. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక రకంగా, నేలమీద పిల్లి వస్తే మరో రకంగా కోళ్లు అరుస్తాయి. ఆ అరుపులను రికార్డు చేసి వినిపిస్తే, ఏమీ కనిపించకపోయినా మొదటిదానికి కోళ్లు చాటుకు పోయి నక్కుతాయనీ, రెండోదానికి మెడ నిక్కించి నిలబడతాయనీ క్రిస్ ఎవాన్స్, పీటర్ మార్లర్ బృందం 1993లో నిరూపించింది. ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ నికోల్, ఆమె సహచరులు మరికొన్ని పరీక్షలు చేశారు. తాను చేదని నేర్చుకున్న రంగు మేతను పిల్లలు తింటున్నట్టు కనిపిస్తే పెట్ట మరింత గట్టిగా నేల గీకి, పొడిచి, పిలుస్తుందని 1996లో తేలింది. పిల్లల మీదికి గాలి ఊది కాస్త బెదరగొడితే, తనకేమీ కాకపోయినా తల్లి గుండె వేగం పెరుగుతుందని 2011లో అదే విశ్వవిద్యాలయం వారు కనుగొన్నారు.

వీటన్నిటికన్నా మమ్మల్ని కదిలించినది 1930ల నాటి ఒక జర్మన్ పరిశోధన. పిల్లను గాజు బుడ్డి క్రింద పెట్టారు. అది గింజుకోవడం తల్లికి కనిపిస్తుంది గానీ గొంతు వినిపించదు. తల్లి పట్టించుకోలేదు. పిల్లను కంచె వెనుక కనబడకుండా కట్టి, గొంతు మాత్రం వినిపించేలా చేస్తే ఒక్క ఉదుటున పరుగెత్తుకొచ్చింది. తల్లి పిలవాలి, పిల్ల ఏడవాలి. ఈ రెండు గొంతుల మధ్యనే పిల్ల ప్రాణం ఉంది.

సంఘంలో మనకు పుంజు కూత బాగా జ్ఞాపకం, పేతురు కన్నీళ్ల వలన. ఆ కూత పొద్దును చూసి వచ్చేది కాదనీ, పుంజు ఒంట్లోని గడియారం వల్ల తెల్లవారకముందే వస్తుందనీ జపానులోని నగోయా విశ్వవిద్యాలయం వారు 2013లో చూపించారు. కానీ పెట్ట పిలుపును మాత్రం మనం ఎన్నడూ చెవిన పెట్టలేదు.

ముసురు పట్టిన సాయంత్రం

పిల్లలకు ఆరో రోజు. వాయుగుండం వల్ల మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. పెట్ట వెనుక మెట్ల క్రిందికి చేరి, రెక్కలు నేలకు ఆనించి పిలిచింది. ఏడు పిల్లలు ఒకదాని వెంట ఒకటి దూరిపోయాయి. ఎనిమిదోది ప్రహరీ గోడ కంతలోంచి అవతలికి పోయి ఉంది. అక్కడ పెంటకుప్ప, పురుగులు. అది మేతలో పడింది, ఏడవలేదు. నూగు తడిస్తే వేడి ఇట్టే పోతుంది. చల్లబడ్డ పిల్లకు ఏడ్చే ఓపిక కూడా ఉండదు.

పెట్ట లేచి వెళ్లలేదు. లేస్తే ఏడూ తడుస్తాయి. అక్కడే కూర్చుని చీకటి పడేదాకా "క్లొక్, క్లొక్" మని పిలుస్తూనే ఉంది. మేము ఇంట్లో కూర్చుని ఆదివారం ప్రసంగం వ్రాసుకుంటూ ఆ గొంతు విన్నాం. విన్నాం గానీ లేవలేదు. దీపాలు పెట్టే వేళకు లెక్క చూస్తే ఏడే. గోడ అవతల దొరికిన ఎనిమిదోదాన్ని గుడ్డలో చుట్టి పొయ్యి దగ్గర పెట్టాం. బ్రతకలేదు.

ఆ రాత్రి మాకు ఒక ఆలోచన వచ్చింది. తప్పిపోయిన గొర్రె ఉపమానంలో కాపరి తొంభై తొమ్మిదింటిని విడిచి వెళ్లి, దొరికినదాన్ని భుజాలమీద వేసుకుని వస్తాడు. కాపరికి కాళ్లు, చేతులు, భుజాలు ఉన్నాయి. అదే ప్రభువు యెరూషలేము ఎదుట కాపరి పోలిక వాడలేదు. ఎత్తుకోలేని, పిలవడమే తప్ప బలవంతం చేయలేని కోడి పోలిక వాడాడు. రెండూ ఆయన ప్రేమనే చెబుతాయి. ఒకటి వెదకి తెచ్చే ప్రేమ, రెండవది పిలిచి ఎదురుచూసే ప్రేమ. ఇన్నేళ్లూ మేము రెంటినీ కలిపి ఒకే ప్రసంగం చేశాం. పిల్లలు రానొల్లకపోయిన దుఃఖం ఎంతటిదో ఆ మెట్ల క్రింది గొంతు విన్నాక తెలిసింది.

తల్లి గొంతు వినని పిల్లలు

ఈ రోజు మన పళ్లెంలోకి వచ్చే కోళ్లలో అత్యధిక భాగం తల్లి గొంతు ఎన్నడూ వినలేదు. హేచరీ యంత్రంలో అదే ఇరవై ఒక్క రోజులకు వేల పిల్లలు ఒక్కసారి పుడతాయి. పొట్టలోని సొన రెండు మూడు రోజులు ఆగుతుంది గనుకనే వాటిని అట్టపెట్టెల్లో దూరప్రాంతాలకు పంపగలుగుతున్నారు. అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడితే, ఫారం లేయరు మూడు వందలు పెడుతుంది. అన్ని గుడ్లు కావాలంటే పెట్ట పొదుగుకు కూర్చోకూడదు. అందుకే పొదగని జాతులనే ఎన్నుకుంటూ వచ్చారు. లేయరు జాతుల్లో మగపిల్లలు గుడ్లు పెట్టవు గనుక పుట్టిన రోజే చంపేయడం మామూలైంది. జర్మనీ 2022 జనవరి నుంచి దాన్ని నిషేధించింది.

ఫారాల వల్ల పేదవాడి పిల్లలకు కూడా గుడ్డు అందుతోంది. అది చిన్న సంగతి కాదు. మేము గుడ్డు మానలేదు, మానమని చెప్పడమూ లేదు. తినేదేమిటో తెలిసి, కృతజ్ఞతతో తినాలన్నదే మా మనవి. చేయగలిగిన చిన్న పని ఒకటుంది. కోళ్లను కాళ్లు కట్టి సైకిలు హ్యాండిలుకు తలక్రిందులుగా వేలాడదీయడం మనకు అలవాటు. మనకున్నట్టు పొట్టకూ ఛాతీకీ మధ్య కండర తెర కోడికి లేదు. తలక్రిందులైతే పేగులు, కాలేయం బరువంతా గాలి సంచులమీద పడి ఊపిరి ఆడదు. ఆ కోడిని మేమూ అలాగే ఇంటికి తెచ్చాం. వచ్చే కోతల పండుగకు కోళ్లను గంపల్లోనే తీసుకురావాలని సంఘంలో ప్రకటించాం.

సంక్రాంతి వెళ్లాక మామ్మ ఊరినుంచి వచ్చింది. అప్పటికి పిల్లలకు రెక్కల ఈకలు వచ్చాయి. పెరట్లో లెక్కపెట్టుకుని, "ఎన్ని దిగాయయ్యగారూ?" అని అడిగింది. ఎనిమిదనీ, ఒకటి వానలో పోయిందనీ చెప్పాం.

"తల్లి పిలిచిందా?"

"చీకటి పడేదాకా పిలిచింది మామ్మా."

"పిలుస్తుంది. అంతకంటే దానికేం చేతనవుద్ది? మీరన్నా లేచి తేవలసింది" అంది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. పిలిచే గొంతు వినబడుతూనే ఉంది. రాలేనివారిని వెళ్లి తెచ్చేందుకు చేతులున్నది మనకే. మరుసటి ఆదివారం చాలాకాలంగా మందిరానికి రాని మూడిళ్లకు వెళ్లి వచ్చాం.